మెట్ట ఊళ్లలో పేద వృద్ధులకు బీపీ, షుగరు నిజంగానే తక్కువా?

కనిగిరి దగ్గరి మీ ఊళ్లో అరవై ఏళ్లు దాటినవారి ఇళ్లకు తిరిగి జబ్బుల వివరాలు రాసుకున్నానని, పొలమూ ఉద్యోగపు పింఛనూ ఉన్న ఇళ్లలో బీపీ, షుగరు ఉన్నవారు ఎక్కువగా తేలారని, కాలనీలో కూలికి పోయే వృద్ధులు మాత్రం చాలావరకు ‘మాకే జబ్బూ లేదు’ అన్నారని రాశారు. పేదవారే ఎక్కువ జబ్బుపడతారన్న మాట మన మెట్ట ప్రాంతానికి వర్తించదా, కష్టం చేసే ఒంటికి రోగం రాదన్న పెద్దల మాటే నిజమా అని అడిగారు. ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు జిల్లాల మెట్ట మండలాల్లో చాలాకాలం ప్రజారోగ్య వైద్యుడిగా పనిచేశాను. ఆ అనుభవంతోనూ, ఈ విషయం మీద జరిగిన పెద్ద అధ్యయనాలు చదివిన మేరకూ సమాధానం చెబుతున్నాను. మీరు విన్నది విన్నట్టే రాసుకున్నారు. అయితే మీ కాగితం మీదికి ఎక్కింది ఎవరికి జబ్బు ఉందన్న లెక్క కంటే, ఎవరికి ఇదివరకే పరీక్ష జరిగిందన్న లెక్క.

‘మీకు బీపీ ఉందని డాక్టరు ఎప్పుడైనా చెప్పారా?’ అని మనం అడుగుతాం. ఈ ప్రశ్నకు ‘ఉంది’ అని జవాబు రావాలంటే ఆ మనిషి ఎప్పుడో ఒకసారి డాక్టరు ముందు కూర్చుని ఉండాలి, డాక్టరు చేతికి పట్టీ చుట్టి చూసి ఉండాలి, చూసింది అర్థమయ్యేటట్టు చెప్పి ఉండాలి, చెప్పింది ఆ మనిషికి గుర్తుండాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా మీ ఫారంలో ‘లేదు’ అనే పడుతుంది. పొదిలి వైపు ఒక ఊళ్లో మిరప కోతల నుంచి అప్పుడే వచ్చి అరుగు మీద కూర్చున్న ఒక పెద్దావిడను ఇదే ప్రశ్న అడిగితే, ‘నాకేం జబ్బు నాయనా, కాళ్లు లాగుతుండాయి, పొద్దున లేస్తే తల దిమ్ముగా ఉంటది, అంతే’ అన్నారు. పది నిమిషాలు కూర్చోబెట్టి రెండుసార్లు చూస్తే పై అంకె 190 దాటి ఉంది. ఆవిడ దాచిందేమీ లేదు. ఆ వయసుకు తల దిమ్మూ కాళ్ల లాగుడూ ఉండనే ఉంటాయని, వాటిని జబ్బు అనరని ఆవిడ నమ్మకం. మీ కాలనీలో ‘ఏ జబ్బూ లేదు’ అన్నవారిలో ఇలాంటివారు ఎంతమంది ఉన్నారో పట్టీ చుట్టి చూస్తే తప్ప తెలియదు.

ఇది మన జిల్లాకే పరిమితమైన సంగతి కాదు. ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ ఇతర సంస్థలతో కలిసి 2017-18లో 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా భారతీయుల మీద చేసిన సర్వేలోనూ బీపీ, షుగరు ఉన్నాయని తామే చెప్పినవారు పేద కుటుంబాలలో కంటే కలిగిన కుటుంబాలలోనే ఎక్కువగా తేలారు. భారత్, చైనా, ఘనా, మెక్సికో, రష్యా, దక్షిణాఫ్రికాలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007-10 మధ్య జరిపిన వృద్ధుల అధ్యయనం మరో అడుగు ముందుకు వేసి, డాక్టరు చెప్పారా అన్న ప్రశ్నతో పాటు లక్షణాలను విడివిడిగా అడిగింది, కొన్నింటిని కొలిచింది. మన దేశపు వివరాలను ఈ రెండు పద్ధతుల్లో పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, డాక్టరు చెప్పిన గుండెనొప్పి కలిగినవారిలో ఎక్కువగా కనిపించగా, నడిస్తే ఛాతీ పట్టేస్తుందా, ఆగితే తగ్గుతుందా అని అడిగి తేల్చిన గుండెనొప్పి పేదవారిలో ఎక్కువగా కనిపించింది. అమర్త్య సేన్ 2002లో కేరళ, బిహార్‌లను పోల్చి రాసింది కూడా ఈ వైరుధ్యం గురించే. జనం ఎక్కువకాలం బతికే కేరళలో జబ్బు ఉందని చెప్పేవారు ఎక్కువ, తక్కువకాలం బతికే బిహార్‌లో చెప్పేవారు తక్కువ. చదువూ ఆసుపత్రీ దగ్గరగా ఉన్నచోట మనిషికి తన జబ్బు పేరు తెలుస్తుంది.

అంతమాత్రాన మీ పరిశీలన మొత్తం కొట్టిపారేయదగినది అని నేను అనను. మన పల్లెల్లో రక్తపరీక్ష చేసి చూసినా షుగరు ఇప్పటికీ కాస్త కలిగినవారిలోనే ఎక్కువగా కనిపిస్తుంది. తిండి పెరిగి, ఒంటికి శ్రమ తగ్గిన ఇళ్లకు ఈ జబ్బు ముందు రావడం ప్రపంచమంతటా జరిగిందే. అయితే అది అక్కడితో ఆగదు. భారత వైద్య పరిశోధన మండలి 15 రాష్ట్రాల్లో చేయించి 2017లో వెలువరించిన అధ్యయనంలో, ఆర్థికంగా ముందున్న తమిళనాడు, మహారాష్ట్ర వంటి రాష్ట్రాల పట్టణాలలో షుగరు అప్పటికే కలిగినవారి కంటే పేదవారిలో ఎక్కువగా ఉన్నట్టు తేలింది. పాలిష్ బియ్యపు అన్నమే మూడు పూటలా కడుపు నింపే తిండి అయి, పప్పూ పాలూ కూరగాయలూ కొనలేని స్థితి వచ్చినప్పుడు, పైగా యంత్రాలు వచ్చి కూలి పనిలో శ్రమ తగ్గినప్పుడు, జబ్బు కాలనీల వైపు దిగివస్తుంది. ఒంగోలు, నెల్లూరు పట్టణాల శివారు పేటలలో ఇది కనిపిస్తూనే ఉంది. మీ ఊరికి ఇంకా పూర్తిగా రాకపోయి ఉండవచ్చు.

మీ లెక్కలో కనిపించని ఇంకొక సంగతి, అరవై దాకా బతకనివారి సంగతి. మీరు అరవై దాటినవారిని మాత్రమే చూశారు. పేద ఇళ్లలో యాభైలోనే గుండెపోటుతోనో, పక్షవాతంతోనో, క్షయతోనో, తాగుడుతో కాలేయం చెడిపోయో పోయినవారు మీ ఫారంలోకి రారు. ఆ దెబ్బలన్నీ తట్టుకుని మిగిలిన గట్టి ఒళ్లవారే మీకు అరుగు మీద కనిపించారు. వారిని చూసి కష్టం చేస్తే రోగం రాదనుకోవడం సహజమే గాని, పోయినవారి భార్యలను అడిగితే కథ వేరుగా ఉంటుంది. అందుకే నా సలహా, ప్రతి ఇంట్లోనూ గత పదేళ్లలో ఎవరు, ఏ వయసులో, ఎలా పోయారన్న ప్రశ్న తప్పక కలపండి. యానాది గిరిజనుల కాలనీలకు వెళితే ఈ తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

వయసు గురించి ఒక పక్క మాట. కాలనీలో చాలామంది ఆధార్ కార్డులో పుట్టినరోజు జనవరి 1 అని ఉండటం మీరు గమనించే ఉంటారు. అంచనా మీద రాయించిన వయసది. దాన్ని నమ్మి లెక్క వేస్తే యాభై ఐదేళ్ల మనిషి అరవై ఐదులోకి, డెబ్బై ఏళ్ల మనిషి అరవైలోకి జారిపోతారు. 1977 ఉప్పెన నాటికి పెళ్లయిందా, ఒంగోలు జిల్లా ఏర్పడ్డ 1970 నాటికి పనికి పోతున్నారా, దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం జరిగిన 1992 నాటికి పిల్లలు ఏ తరగతి అని అడిగితే వయసు చాలా దగ్గరగా తేలుతుంది. అన్నట్టు, ఆ ఉద్యమంలో సారా దుకాణాలు మూయించిన నెల్లూరు జిల్లా మెట్ట స్త్రీలే ఇప్పుడు అరవై, డెబ్బై దాటిన మీ సర్వే వయసువారు. భర్తల తాగుడు చేసిన నష్టాన్ని వాళ్లు మీకు అందరికంటే బాగా చెప్పగలరు.

ఇక అసలు విషయానికి వస్తాను. మన మెట్టలో పేద వృద్ధుల జబ్బు బీపీ, షుగరు అనే రెండు గళ్లలో ఇమడదు. వారు స్వయంగా చెప్పే మొదటి జబ్బు నొప్పి. నడుము, మోకాళ్లు, మెడ. నలభై ఏళ్లు వంగి నాట్లు వేసి, కలుపు తీసి, తట్టలు మోసిన కీళ్లకు అరుగుదల రాక మానదు. ఆ నొప్పి ఉన్న మనిషి మర్నాడు కూలికి పోవాలంటే ఆ సాయంత్రమే తగ్గాలి. అందుకని ఊళ్లో ఉన్న ఆర్‌ఎంపీ (డాక్టరు పట్టా లేని పల్లె వైద్యుడు) దగ్గరికి వెళ్లి ఒక ఇంజెక్షను వేయించుకుంటారు. చాలాచోట్ల అది డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, కొన్నిచోట్ల దానితో పాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కూడా. నొప్పి తగ్గుతుంది, పని జరుగుతుంది, వారం తిరిగేసరికి మళ్లీ అదే. ఆర్‌ఎంపీని తిట్టి లాభం లేదు, అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది అతనే, అప్పు మీద వైద్యం చేసేది అతనే. కాని ఒంట్లో జరిగేది చూడండి. నొప్పి మందు కిడ్నీకి పోయే రక్తాన్ని తగ్గిస్తుంది, బీపీని పెంచుతుంది. ఎండలో చెమటోడ్చి, చాలినన్ని నీళ్లు తాగని ఒంట్లో ఆ దెబ్బ రెట్టింపవుతుంది. స్టెరాయిడ్ షుగరును పెంచుతుంది, ఎముకను గుల్ల చేస్తుంది, కంటి శుక్లాన్ని త్వరపెడుతుంది. ఈ మనిషికి బీపీ ఉన్నట్టే ఎవరికీ తెలియదు గనుక, కిడ్నీ దెబ్బతింటున్నట్టు అసలే తెలియదు. కాళ్లు వాచి, ఆయాసం వచ్చి, పట్టణంలో కిడ్నీ పనితీరు తెలిపే సీరం క్రియాటినిన్ పరీక్ష చేసేనాటికి డయాలసిస్ మాట వినిపిస్తుంది. కలిగిన ఇంటి పెద్దాయనకూ మోకాళ్ల నొప్పి ఉంటుంది. ఆయన రెండు వారాలు మంచం మీద విశ్రాంతి తీసుకోగలడు, ఎముకల డాక్టరుకు చూపించుకోగలడు, ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకోగలడు. ఇద్దరి నొప్పీ ఒకటే. ఒకరికి విశ్రాంతి తీసుకునే స్తోమత ఉంది, రెండోవారికి లేదు.

దీనికి మన నీళ్లను కలపండి. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను (నీళ్లలోని ఫ్లోరైడు వల్ల ఎముకలకు వచ్చే జబ్బును) వైద్యులు మొదటిసారి వివరంగా నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లాలోవే, 1970 దాకా అందులోనే ఉన్నాయి. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, మన జాతీయ ప్రమాణం వీలైతే ఒక మిల్లీగ్రాము దగ్గరే ఆగమంటుంది. దశాబ్దాలపాటు అంతకు మించిన నీళ్లు తాగితే వెన్ను బిగుసుకుపోతుంది, మెడ తిరగదు, కూర్చుంటే లేవలేరు. ఒకే బోరు నీళ్లు ఊరంతా తాగిన రోజుల్లోనూ పాలు, పెరుగు తినగలిగిన ఒంటికీ, సున్నం చాలని ఒంటికీ దెబ్బలో తేడా ఉండేది, ఎందుకంటే కాల్షియం తక్కువైన ఒంట్లో ఫ్లోరైడు చెరుపు ఎక్కువ. ఇప్పుడు ప్లాంటు నీళ్ల క్యాను వచ్చాక తేడా మరో రూపం తీసుకుంది. కలిగిన ఇంట్లో తాగడానికీ వంటకూ క్యాను నీళ్లే. కాలనీ ఇంట్లో తాగడానికి మాత్రం క్యాను, అన్నానికీ పప్పుకూ బోరు నీళ్లే, పనిలేని వారాల్లో తాగడానికి కూడా అవే. మీ ఫారంలో ‘ఏ నీళ్లు తాగుతారు’ అన్న ప్రశ్న మాత్రమే ఉంటే ఇద్దరూ ఒకే గడిలో పడతారు. వంటకు ఏ నీళ్లు, యాభై ఏళ్లుగా ఏ నీళ్లు అని అడగండి.

పని వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుల సంగతి క్లుప్తంగా చెబుతాను. మార్కాపురం పలకల గనుల్లోనూ, చీమకుర్తి గ్రానైట్ పనుల్లోనూ, గూడూరు వైపు పాత అభ్రకం గనుల్లోనూ రాతి దుమ్ము పీల్చినవారికి సిలికోసిస్ (ఆ దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు) పని మానేసిన ఎన్నో ఏళ్లకు కూడా ముదురుతుంది, క్షయను తెచ్చిపెడుతుంది. పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర మంట వేసినవారికీ, కట్టెల పొయ్యి ముందు జీవితం గడిపిన స్త్రీలకూ ఉబ్బసం వంటి ఆయాసం. ఇప్పుడేం పని చేస్తారని కాకుండా జీవితమంతా ఏ పనులు చేశారని అడిగితేనే ఇవి బయటపడతాయి.

ఒకే జబ్బు ఇద్దరికి వచ్చినప్పుడు ఏమవుతుందన్నదే అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న అని నా అభిప్రాయం. దీని మీద మన దేశంలోనే గట్టి సాక్ష్యం ఉంది. 50 నగరాల్లోని 89 ఆసుపత్రుల్లో చేరిన ఇరవై వేల మందికి పైగా గుండెపోటు రోగులను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ముప్పై రోజుల్లోపు చనిపోయినవారు ధనికులలో నూటికి 5.5 మంది కాగా పేదలలో 8.2 మంది. ఈ తేడాకు వయసో ఇతర జబ్బులో కారణమా అని చూస్తే తేడా పోలేదు. ఇచ్చిన చికిత్సలను లెక్కలోకి తీసుకోగానే తేడా మాయమైంది. అంటే పేదవాడి గుండె ప్రత్యేకంగా బలహీనమైనదేమీ కాదు, అతనికి అందాల్సిన మందూ, చేయాల్సిన చికిత్సా అందలేదు. 17 దేశాల్లో లక్షన్నర మందిని ఏళ్ల తరబడి గమనించి 2014లో వెలువరించిన మరో అధ్యయనంలోనూ ఇదే తేలింది. గుండెజబ్బు తెచ్చిపెట్టే ముప్పులు ధనిక దేశాల్లో ఎక్కువగా ఉండగా, గుండెపోట్లూ వాటివల్ల మరణాలూ పేద దేశాల్లో ఎక్కువ. మన రాష్ట్రంలో గోదావరి జిల్లాల 45 పల్లెల్లో 2003-04లో మరణాలను లెక్కించినప్పుడు దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని తేలింది. పల్లెటూరి జబ్బులంటే విరేచనాలూ జ్వరాలే అనుకునే కాలం అప్పటికే దాటిపోయింది.

ఈ తేడా రోజువారీగా ఎలా ఏర్పడుతుందో చూడాలంటే వృద్ధుల మందుల డబ్బా తెరవమనండి. కలిగిన ఇంట్లో నెలకు సరిపడా పూర్తి స్ట్రిప్పులు ఉంటాయి. కాలనీ ఇంట్లో కత్తెరతో కత్తిరించిన రెండు బిళ్లల ముక్క, మందు పేరు సగం తెగిపోయి, గడువు తేదీ ఉన్న భాగం దుకాణంలోనే మిగిలిపోయి. తల తిరిగిన రోజు ఒకటి వేసుకుని, తగ్గాక మిగతాది దాచుకుంటారు. బీపీ మందు అలా వాడితే వాడనట్టే. ఆ బిళ్ల ఖరీదు తక్కువే. ఖరీదైనది దాని కోసం చేసే ప్రయాణం. పరీక్షకు పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చే కొడుకుదో కోడలిదో ఇంకో కూలి పోతుంది, ఆటోకీ బస్సుకీ ఛార్జీలు అవుతాయి. కనిగిరి నుంచి ఒంగోలు పెద్దాసుపత్రికి దాదాపు ఎనభై కిలోమీటర్లు. అందుకే 104 బండి ఊళ్లోకి వచ్చి బీపీ చూసి మందులిచ్చే రోజును నేను చాలా విలువైనదిగా భావిస్తాను. ఆ నెల బండి రాకపోయినా, వచ్చిన రోజు ఆ మనిషి మిరప చేలో ఉన్నా మందు ఆగిపోతుంది.

ప్రభుత్వ వైద్య పథకాల గురించి కూడా మీరు అడిగారు. ఎన్టీఆర్ వైద్యసేవ, ఆయుష్మాన్ భారత్ వంటివి ఆసుపత్రిలో చేరిన తర్వాతి ఖర్చును ప్రధానంగా భరిస్తాయి, వాటి వల్ల ఆపరేషన్ల కోసం పొలం అమ్ముకునే పరిస్థితి చాలా ఇళ్లకు తప్పింది. దేశం మొత్తం మీద వైద్య ఖర్చులో జనం నేరుగా జేబులోంచి పెట్టే వాటా 2014-15లో 62.6 శాతం ఉండగా 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గిందని ప్రభుత్వ లెక్కలు చెబుతున్నాయి. కాని వృద్ధుల ఖర్చు ఆపరేషన్ ఒక్కటే కాదు, ప్రతి నెలా కొనే బిళ్లలు, పరీక్షలు, ఛార్జీలు. ఈ ఖర్చుకు వారి చేతిలో ఉన్న ఆధారం పింఛనే. కేంద్రం ఇచ్చే వృద్ధాప్య పింఛను వాటా ఎనభై ఏళ్లలోపు వారికి నెలకు 200 రూపాయల దగ్గరే ఉండిపోయింది. మన రాష్ట్రం తన డబ్బు కలిపి 2024 జులై నుంచి 4,000 ఇస్తోంది, డయాలసిస్ చేయించుకునేవారికి 10,000. ఈ 4,000 వచ్చాక కోడలి చేతిలో ముసలావిడకు మర్యాద పెరిగిన ఇళ్లు నేను చూశాను. పింఛను వచ్చిన రోజే మనవడి ఫీజుకో, కొడుకు అప్పుకో పోయి, మందుకు మాత్రం మిగలని ఇళ్లూ చూశాను. కాబట్టి పింఛను వస్తుందా అన్న ప్రశ్నతో ఆగకుండా, అది ఎవరి చేతిలో ఉంటుంది, పోయిన నెల దేనికి ఖర్చయింది అని అడగండి. వితంతువుల విషయంలో ఇది మరీ ముఖ్యం.

మీ సర్వేను మళ్లీ చేసే ఉద్దేశం ఉంటే ఇలా చేయండి. పేదరికాన్ని ఆదాయంతో కొలవకండి, వృద్ధులకు ఆదాయమన్న లెక్క ఉండదు. ఇంటి పైకప్పు, సాగునీరున్న భూమి, మరుగుదొడ్డి, చదువు, చిన్నప్పుడు ఇంట్లో రెండు పూటలా తిండి ఉండేదా అన్న వివరాలతో ఇళ్లను వరుసలో పెట్టండి. బీపీ అందరికీ కొలవండి, వచ్చి కూర్చోగానే కాకుండా ఐదు నిమిషాలు ఆగి, రెండు మూడుసార్లు చూసి సగటు రాయండి. ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు, నడక, మూత్రం గురించి జబ్బు పేరు ఎత్తకుండా లక్షణాలుగా అడగండి. నొప్పికి ఏం వాడతారు, ఎన్నాళ్లకోసారి ఇంజెక్షను వేయించుకుంటారు అన్నది విడిగా అడగండి, మందుల డబ్బా కళ్లతో చూడండి. పగటి పూట వెళ్లకండి, కూలికి పోయినవారు దొరకరు, దొరికేది మళ్లీ మంచం పట్టినవారో, పని అక్కర్లేనివారో. పొద్దున ఏడులోపో, దీపాలు పెట్టాకో వెళ్లండి.

కొలిచాక వచ్చిన అంకెను రాసుకుని వెళ్లిపోకండి. పై అంకె 180 దాటినా, కింది అంకె 110 దాటినా ఆ రోజే ఏఎన్‌ఎంకు (ఊరి నర్సుకు) చెప్పి పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) పంపే ఏర్పాటు ముందుగానే చేసుకోండి. దానితో పాటు ఛాతీ నొప్పో, మాట తడబడటమో, ఒక చెయ్యి బలం తగ్గడమో ఉంటే 108కు ఫోను చేయండి. నొప్పి ఇంజెక్షన్లు తరచూ వేయించుకునేవారి జాబితాను విడిగా తీసి, క్రియాటినిన్ పరీక్ష కోసం పీహెచ్‌సీ వైద్యాధికారికి ఇవ్వండి. మీరు సేకరించిన వివరాలు పేర్లు తీసేసి పంపితే, ఇంటి స్థాయిని బట్టి జబ్బుల తేడాను ఎలా లెక్కకట్టాలో వరుసగా రాసి చెబుతాను.